తీపి తిన్నందుకే నాకు క్యాన్సర్ వచ్చిందా?

ప్రశ్న: నాకు 48 ఏళ్ళు. ఖమ్మం జిల్లాలో టీచర్ని. జనవరిలో ఎడమ రొమ్ముకు ఆపరేషన్ అయింది. హార్మోన్ పాజిటివ్ అన్నారు. ఎనిమిది కీమోల్లో మూడు అయ్యాయి. మావారు ఇంట్లో పంచదార, పాలు, చికెన్ ఆపేశారు. మా అత్తయ్య పప్పు, వంకాయ పెట్టనివ్వరు, కుట్లకు చీము పడుతుందంటారు. మా ఆడపడుచు రోజూ ఏదో ఒక వీడియో పంపుతుంది. మీల్ మేకర్ విషమంటుంది, లక్ష్మణ ఫలం తినమంటుంది. బీరకాయ కూర, అన్నం తప్ప ఏం తినాలన్నా భయమే. ఇంతా చేస్తే నాలుగు కిలోలు పెరిగాను. గోంగూర అంటే ప్రాణం పెట్టేదాన్ని, ఇప్పుడు ఆ వాసనకే డోకు వస్తోంది. అందరికీ వండిపెట్టిన మనిషిని, తాలింపు వేస్తుంటే బయటికి పారిపోతున్నాను. చిన్నప్పటి నుంచి తీపి ఎక్కువ తినేదాన్ని. అందుకే వచ్చిందేమో అని రాత్రిళ్ళు నిద్ర పట్టదు. నేనేం తినాలి? ఈ ఏడాది ఆవకాయ ముట్టుకోవచ్చా?
(పేరు వద్దన్నారు)

జవాబు:

అమ్మా, మీరు చాలా అడిగారు కానీ తీపి సంగతి ముందు తేల్చుకుందాం. ఆ అనుమానం మనసులో పెట్టుకుని కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగదు.

తీపి తిన్నందుకు మీకు క్యాన్సర్ రాలేదు. పండక్కి తిన్న అరిసెల వల్లా రాలేదు, కాఫీలో వేసుకున్న పంచదార వల్లా రాలేదు. రొమ్ము క్యాన్సర్ అవకాశాన్ని పెంచేవాటిలో పెద్దవి ఆడవాళ్ళుగా పుట్టడం, వయసు పెరగడం. చిన్న వయసులో రజస్వల కావడం, నెలసరి ఆలస్యంగా ఆగడం, పిల్లలు ఆలస్యంగా పుట్టడం లేక పుట్టకపోవడం కూడా కొంత పెంచుతాయి. నూటికి 5 నుంచి 10 మందిలో తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువు కారణం. మన అలవాట్లలో గట్టిగా చెప్పగలిగినవి మద్యం, నెలసరి ఆగిపోయాక ఒంట్లో పేరుకునే కొవ్వు, ఒళ్ళు కదలకపోవడం. వీటిలో ఎన్ని ఉన్నా ఒకరికి ఎందుకు వచ్చింది, అలాంటివే ఉన్న ఆమె చెల్లెలికి ఎందుకు రాలేదు అంటే ఏ డాక్టరూ చెప్పలేరు. ఫలానా వస్తువు తిన్నందుకు మీకిది వచ్చిందని ఎవరైనా అంటే, వాళ్ళకు తెలియక అంటున్నారు.

మరి మనసు తిండి దగ్గరికే ఎందుకు పోతుంది? క్యాన్సర్ వార్డు పక్కన కూర్చుని డైట్ చెప్పే నాకు రోజూ వినిపించే మాట ఇదే. ఏ మందు ఎక్కించాలో డాక్టర్ చెబుతారు, తేదీ హాస్పిటల్ చెబుతుంది, జుట్టు ఎప్పుడు రాలాలో మందు చెబుతుంది. మన చేతిలో మిగిలింది నోట్లో పెట్టుకునే ముద్ద ఒక్కటే. అందుకే తప్పు వెతుక్కోవడమూ అక్కడే, దారి వెతుక్కోవడమూ అక్కడే. తిండి వల్ల వచ్చిందనుకుంటే తిండితో పోగొట్టుకోవచ్చన్న ఆశ కూడా మిగులుతుంది. మీవారు పంచదార డబ్బా అటక మీద పెట్టడం వెనక ఉన్నది ఆ ఆశే. దాన్ని తీసిపారేయలేను. కానీ ఆ ఆశ మీ కంచాన్ని ఖాళీ చేస్తోంది.

ఒక పరిశోధన గురించి చెప్పాలి. అమెరికాలో తొలి దశల్లో రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స అయిన 3,088 మంది ఆడవాళ్ళను రెండు గుంపులు చేశారు. ఒక గుంపు కూరగాయలు, పళ్ళు, పీచు బాగా పెంచి, కొవ్వు బాగా తగ్గించింది. వాళ్ళకు ఫోన్ చేసి మరీ సలహాలిచ్చారు, వంట క్లాసులు పెట్టారు. రెండో గుంపుకు అందరికీ చెప్పే మామూలు ఆరోగ్య సూత్రాలు కాగితం మీద ఇచ్చారు. సగటున ఏడేళ్ళకు పైగా గమనించి 2007లో ఫలితాలు ప్రకటించారు. జబ్బు తిరగబెట్టడంలో కానీ, మరణాల్లో కానీ రెండు గుంపులకూ తేడా కనిపించలేదు. ఇది చదివి కొందరు నిరుత్సాహపడతారు. నాకైతే ఇందులో ఊరట కనిపిస్తుంది. మంచి తిండి గుండెకు, షుగర్‌కు, ఎముకలకు, బరువుకు ఎంతో మేలు చేస్తుంది, తినాల్సిందే. కానీ ఒక పూట ఒక లడ్డూ తిన్నారా లేదా అన్న దాని మీద మీ ప్రాణం ఆధారపడి లేదు. జబ్బుతో తలపడే పని ఆపరేషన్‌ది, కీమోది, తర్వాత వాడబోయే హార్మోన్ మాత్రలది. ఆ చికిత్సంతా తట్టుకుని పూర్తి చేసే బలం ఇవ్వడం అన్నం పని. అన్నం మీద మందు బాధ్యత కూడా పెట్టకండి.

పంచదార గురించి మీవారికి ఆ నమ్మకం ఎలా వచ్చిందో ఊహించగలను. క్యాన్సర్ ఎక్కడుందో చూసే పెట్ స్కాన్‌కు ముందు గ్లూకోజ్ లాంటి పదార్థం ఎక్కిస్తారు, క్యాన్సర్ కణాలు దాన్ని ఎక్కువగా పీల్చుకుని స్కాన్‌లో వెలుగుతాయి. ఈ కణాలు గ్లూకోజ్‌ను విపరీతంగా వాడతాయని జర్మనీ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ 1920ల్లోనే గమనించాడు. అంతవరకూ నిజమే. అక్కడి నుంచి ‘పంచదార మానేస్తే క్యాన్సర్ ఆకలితో చస్తుంది’ అనడం మాత్రం తప్పు. మెదడు ఒక్కటే రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజ్ వాడుకుంటుంది. మీరు తినకపోయినా కాలేయం తయారు చేసి ఇస్తుంది, అవసరమైతే కండ కరిగించి మరీ ఇస్తుంది. క్యాన్సర్‌ను పస్తు పెట్టబోతే ముందు నీరసపడేది మీరే. షుగర్ జబ్బు లేకపోతే కాఫీలో చెంచాడు పంచదార వేసుకోండి. రోజూ కూల్ డ్రింకులు, స్వీట్లు ఎవరికీ మంచివి కావు, ఆ మాట ఇంట్లో అందరికీ వర్తిస్తుంది.

పప్పు మాటకు వస్తే, మీ అత్తయ్యగారి మీద నాకు కోపం లేదు. ఆవిడ తరంలో బాలింతకైనా, ఆపరేషన్ అయినవాళ్ళకైనా కందిపప్పు, వంకాయ, గోంగూర పెట్టరు. ఆ పథ్యం పాటించి మనుషుల్ని కాపాడుకున్నామని ఆవిడ నమ్మకం. కానీ చీము పట్టేది గాయంలో సూక్ష్మక్రిములు చేరితే, పప్పు తింటే కాదు. పైగా మీ ఆపరేషన్ జనవరిలో అయింది, కుట్లు ఎప్పుడో మానిపోయి ఉంటాయి. గాయం మానడానికీ, కీమో దెబ్బ తీసిన కణాలు మళ్ళీ పుట్టడానికీ కావలసింది ప్రొటీన్. మీ ఇంట్లో పథ్యం పేరుతో పోయింది సరిగ్గా అదే.

లెక్క చూడండి. చికిత్సలో ఉన్నవాళ్ళకు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలంటారు. మీరు 60 కిలోలు ఉంటే రోజుకు 72 నుంచి 90 గ్రాములు. బీరకాయ కూర, అన్నం రెండు పూటలా తింటే 20 గ్రాములు దాటడం కష్టం. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలలో 6 లేదా 7, కప్పు ముద్దపప్పులో 7 లేదా 8, గుప్పెడు వేరుశెనగ గుళ్ళలో 7, వండిన చికెన్ 100 గ్రాములైతే పాతికకు పైనే. వీటిలో ఏది ఆపాలన్నా దాని బదులు ఏం పెడుతున్నారో చెప్పి ఆపమనండి. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం ఈ లెక్క మారుతుంది, డాక్టర్‌ని అడిగాకే.

పాలు తాగితే క్యాన్సర్ తిరగబెడుతుందనడానికి రుజువు లేదు. గేదెలకు ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇస్తారన్న భయం చాలామందికి ఉంది. పాల కోసం అలా ఇవ్వడం తప్పే, కానీ ఆ హార్మోన్ ప్రొటీన్ లాంటిది, మన కడుపులో పడితే అరిగిపోతుంది. బ్రాయిలర్ కోడి త్వరగా పెరిగేది జాతి ఎంపిక వల్ల, దాణా వల్ల. నాటుకోడి రుచి మీకిష్టమైతే అది తినండి, భయంతో మాత్రం వద్దు. ఇక మీల్ మేకర్. సోయాలో ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్‌ను పోలిన పదార్థాలు ఉన్న మాట నిజం, అందుకే హార్మోన్ పాజిటివ్ (అలాంటి హార్మోన్ల అండతో పెరిగే రకం) అనగానే గాబరా పడతారు. అవి ఒంట్లో అచ్చం ఈస్ట్రోజన్ లాగా పనిచేయవు. కూరలో తినే సోయా రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళకు కూడా సురక్షితమేనని అమెరికన్ క్యాన్సర్ సొసైటీ చెబుతోంది. డబ్బాల్లో అమ్మే సోయా సారం మాత్రలు మాత్రం వద్దు.

ఇప్పుడు గోంగూర సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఇదే. ఇష్టమైన వస్తువు పగదాయి అయినప్పుడు మనుషులు లోపల ఎంత కుంగిపోతారో నాకు తెలుసు. జబ్బు తన ఇష్టాన్ని కూడా ఎత్తుకుపోయిందని ఏడ్చినవాళ్ళు ఉన్నారు.

దీనికి మంచి వివరణ ఉంది. ఏదైనా తిన్న కొద్ది గంటలకు వికారం వస్తే, మెదడు ఆ వస్తువును విషంగా గుర్తు పెట్టుకుంటుంది. వికారం మందు వల్ల వచ్చిందని మీకు తెలుసు, మెదడులో అలా గుర్తు పెట్టుకునే భాగానికి తెలియదు. 1978లో అమెరికాలో ఐలీన్ బెర్న్‌స్టీన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు కీమోకు ముందు ఒక కొత్త రుచి ఐస్‌క్రీమ్ పెట్టించింది. కొన్ని వారాల తర్వాత అదే ఐస్‌క్రీమ్ ఇస్తే, ఆ పిల్లల్లో ఎక్కువమంది వద్దన్నారు. తర్వాత మరో ప్రయోగంలో, భోజనానికీ కీమోకూ మధ్య వింత రుచి ఉన్న పిప్పరమెంటు ఇచ్చి చూశారు. వికారం నింద ఆ పిప్పరమెంటు మీద పడింది, భోజనం కొంతవరకు తప్పించుకుంది.

మీకు దీనివల్ల ఉపయోగం ఏమిటంటే, కీమో రోజునా, ఆ ముందు రోజు రాత్రీ, తర్వాత రెండు మూడు రోజులూ మీకు ప్రాణమైనవి తినకండి. ఇడ్లీ, పెరుగన్నం, బ్రెడ్, రాగి జావ లాంటి, పోయినా బాధ లేని వస్తువులతో గడపండి. హాస్పిటల్‌కు వెళ్ళేముందు మీరు మామూలుగా తినని రుచి పిప్పరమెంటు ఒకటి చప్పరించండి. పులిహోర, చేపల పులుసు, మీకు ఏవి ఇష్టమైతే అవి, కీమో అయిన మూడో వారంలో ఒంట్లో బాగున్నప్పుడు తినండి. గోంగూరను కొన్నాళ్ళు వదిలేయండి. కీమోలన్నీ అయ్యాక కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో నాలుక రుచి చాలామందికి తిరిగి వస్తుంది. అప్పుడు గోంగూర పచ్చడితో కాకుండా గోంగూర పప్పుతో, అదీ రెండు ముద్దలతో మొదలుపెట్టి చూడండి. ఒకసారి వాంతి అయిందని అది జన్మకంతా పోయినట్టు కాదు.

తాలింపు వాసనకు బయటికి పారిపోవడం తప్పు కాదు, అదే సరైన పని. కీమో వారంలో వంట వేరేవాళ్ళు చేయాలి, మీరు వీధి వరండాలోనో, డాబా మీదో ఉన్నప్పుడు చేయాలి. వేడి అన్నం కంటే చల్లారిన అన్నం తక్కువ వాసన వేస్తుంది, అందుకే పెరుగన్నం దిగినంత తేలిగ్గా పొగలు కక్కే సాంబారు దిగదు. అలాగని పొద్దుటిది సాయంత్రం దాకా బయట ఉంచి తినకండి. నోట్లో ఇనుము రుచి వస్తుంటే స్టీలు చెంచా పక్కన పెట్టి చేత్తోనే తినండి. నోరు పూయకపోతే నిమ్మరసం, ఉసిరికాయ, పుదీనా ఆ రుచిని కొంత కప్పేస్తాయి. లీటరు గోరువెచ్చటి నీళ్ళలో చెంచాడు ఉప్పు, చెంచాడు వంటసోడా కలిపి పెట్టుకుని తినే ముందూ తర్వాతా పుక్కిలించండి. మూడు పూటల భోజనం అనే లెక్క ఈ నెలల్లో మానేసి, రెండు గంటలకోసారి కొంచెం తినండి. వికారం మాత్రలు వాంతి వచ్చాక కాదు, డాక్టర్ చెప్పిన టైముకు ముందే వేసుకోవాలి. ‘ఇన్ని మాత్రలెందుకులే’ అని ఓర్చుకునేవాళ్ళే తిండికి ఎక్కువ దూరమవుతారు.

బరువు పెరిగానని రాశారు, దానికి సిగ్గుపడక్కర్లేదు. క్యాన్సర్ అంటే చిక్కిపోతారని అందరూ అనుకుంటారు. రొమ్ము క్యాన్సర్ కీమోలో బరువు పెరిగేవాళ్ళు చాలామంది. వికారం రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ స్టెరాయిడ్ కాబట్టి ఆకలి పెంచుతుంది, నీరు పట్టిస్తుంది, నిద్ర చెడగొడుతుంది, కొందరికి రక్తంలో షుగర్ పెంచుతుంది. నెలసరి ముందే ఆగిపోవచ్చు. నీరసంతో కదలిక తగ్గుతుంది. మీ రాత్రి నిద్రలేమిలో కూడా ఆ మాత్ర పాత్ర ఉండొచ్చు, అది ఉదయం పూట వేసుకోవచ్చా అని డాక్టర్‌ని అడగండి. ఇప్పుడు కడుపు మాడ్చుకుని తగ్గొద్దు, తగ్గేది కండ. అన్నం కాస్త తగ్గించి పప్పు, గుడ్డు, కూర పెంచండి. ఓపిక ఉన్న రోజు పది నిమిషాలు నడవండి. అసలు బరువు తగ్గించుకునే పని చికిత్స అయ్యాక పెట్టుకోవచ్చు. అప్పుడు లెట్రోజోల్ లాంటి హార్మోన్ మాత్రలు ఇస్తే ఎముకలు పలచబడే అవకాశం ఉంది కాబట్టి రాగులు ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 360 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది.

మీ ఆడపడుచు పంపే వీడియోల్లో లక్ష్మణ ఫలం గురించి గట్టిగా చెప్పాలి. ప్రయోగశాలలో గాజు పాత్రలో పెంచిన కణాల మీద దాని సారం పనిచేసింది, మనుషుల్లో క్యాన్సర్‌ను తగ్గించినట్టు రుజువు లేదు. దాన్ని ఎక్కువగా వాడే కరీబియన్ దీవి గ్వాడెలోప్‌లో పార్కిన్సన్స్ లాంటి నరాల జబ్బుకూ దానికీ సంబంధం ఉందని పరిశోధకులు అనుమానించారు. కషాయాలు, ఆకుల పొడులు వద్దు. పసుపు కూరలో వేసుకున్నంత వేసుకోండి. పసుపు సారం మాత్రలు వేరు. మిరియాల సారం కలిపిన అలాంటి మాత్రలు టామాక్సిఫెన్ అనే హార్మోన్ మందు రక్తంలో చేరే మోతాదును తగ్గించినట్టు ఒక అధ్యయనంలో కనిపించింది. మీకు రేపు ఆ మందే ఇవ్వొచ్చు. పంపరపనస కూడా కొన్ని క్యాన్సర్ మాత్రలతో పడదు, మాత్రలు మొదలైన రోజున అడగండి. ఆవిడకు ఇలా రాయండి: “వదినా, నువ్వు పంపినవన్నీ డాక్టర్‌కి చూపిస్తున్నాను, ఆయన సరే అన్నవే వాడతాను.” వాదన ఉండదు, ప్రేమకూ లోటు రాదు.

నిజంగా భయపడాల్సినవి కొన్ని ఉన్నాయి. మీ భయం అటు మళ్ళితే మంచిది. కీమో అయిన వారం నుంచి రెండు వారాల దాకా తెల్ల రక్తకణాల కౌంట్ పడిపోతుంది. ఆ రోజుల్లో బండి మీది పానీపూరి, బయట కోసిపెట్టిన పళ్ళు, చెరకు రసం, సగం ఉడికిన గుడ్డు, ఫంక్షన్ భోజనం వద్దు. నీళ్ళు కాచి చల్లార్చి తాగండి. చూడ్డానికి వచ్చినవాళ్ళు తెచ్చే పళ్ళలో మీరే కడిగి, ఒలుచుకుని తినే బత్తాయి, అరటి మేలు. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అది రాత్రి రెండు గంటలైనా సరే, పారాసిటమాల్ వేసుకుని తెల్లారే దాకా ఆగకుండా హాస్పిటల్‌కు వెళ్ళాలి. మంచినీళ్ళు కూడా కడుపులో నిలవకపోయినా, నోటి పూతతో మింగలేకపోయినా ఫోన్ చేయాలి. శనివారం ఉపవాసాలుంటే చికిత్స అయ్యే దాకా ఆపండి.

ఆవకాయ గురించి: నోట్లో పూత లేకపోతే, కౌంట్ బాగుందని డాక్టర్ చెబితే, మూడో వారంలో ఇంటి ఆవకాయ ఒక చిన్న ముక్క, పెరుగన్నంలో నంజుకోండి. తడి తగలని చెంచాతో తీసినదై ఉండాలి. కలిపే పని మాత్రం ఈసారి మీరు చేయకండి. ఆవపిండి, కారం ఘాటు మీకు పడదు. పైగా రొమ్ముతో పాటు చంక గ్రంథులు కూడా తీసి ఉంటే డాక్టర్‌ని అడగకుండా ఆ చెయ్యితో బరువైన జాడీలు ఎత్తకూడదు. కుర్చీ వేసుకుని కూర్చుని ఉప్పెంతో, కారమెంతో చెప్పండి, కలిపేవాళ్ళు కలుపుతారు.

ఇక్కడి నుంచి మీవారు చదవాలి.

అయ్యా, మీరు ఆమె కోసం ఇంట్లో పంచదార, పాలు, చికెన్ ఆపేశారని ఆమె రాశారు. అది చిన్న విషయం కాదు. కానీ ఆమె ఏం తింటోందో చూసే కళ్ళు ఇంట్లో ఎక్కువైపోయాయి. ముద్ద ముద్దకూ ‘ఇది తినొచ్చా’ అని అడిగితే ఆకలి ఉన్నవాళ్ళకే చచ్చిపోతుంది. ‘ఏం వండమంటావు’ అని కూడా అడగకండి, వికారంలో ఆలోచించడమే కష్టం. ‘ఇడ్లీ ఉంది, రాగి జావ ఉంది, ఏది ఇవ్వను’ అని అడగండి. రెండూ వద్దంటే గంట ఆగి మళ్ళీ అడగండి, సగంలో వదిలేస్తే ఏమీ అనకండి. రేపు పాలు, గుడ్లు, కందిపప్పు తెప్పించండి. పంచదార డబ్బా కిందికి దించండి. మీ అమ్మగారికి పప్పు విషయం మీరు చెప్పడం కంటే డాక్టర్ నోటితో వినిపించడం తేలిక, నాలుగో కీమోకు ఆవిడను వెంట తీసుకెళ్ళండి. అదే రోజు హాస్పిటల్ డైటీషియన్ టైము అడిగి పెట్టుకోండి. బరువు, రక్తపరీక్షల కాగితాలు, ఆమె వాడుతున్న ప్రతి మాత్ర పేరు, ఆ వీడియోలు చూసి ఏవైనా పొడులు కొని ఉంటే ఆ డబ్బాలు కూడా తీసుకెళ్ళండి.